విప్పి చూడాలనిపించే పొట్లం: పిల్లల డబ్బా ఖాళీగా ఇంటికి రావాలంటే

మా పెద్దాడు రెండో తరగతిలో ఉన్నప్పుడు వారానికి మూడు రోజులైనా డబ్బా నిండుగానే ఇంటికొచ్చేది. సాయంత్రం మూత తీస్తే పొద్దుట పెట్టిన చపాతీ, క్యారెట్ కూర ఎలా సర్దానో అలాగే ఉండేవి, కాస్త చెమట పట్టి. అదే పిల్లాడు చిప్స్ ప్యాకెట్ దొరికితే పళ్లతో చింపి మరీ తినేవాడు. ఒకరోజు ఆ ఖాళీ ప్యాకెట్‌నీ నా స్టీలు డబ్బానీ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. ప్యాకెట్‌కి ఎర్ర రంగు, మెరుపు, నవ్వే బొమ్మ, లాగితే టప్‌మని చప్పుడు. నా డబ్బా చూస్తే ఆసుపత్రి సామానులా ఉంది. లోపలి తిండి సంగతి తర్వాత, అసలు దాన్ని తెరవాలన్న సరదా ఎవరికి పుడుతుంది?

నా పొట్లాల ప్రయోగం అక్కడ మొదలైంది. మేముండేది విజయనగరంలో. అత్తగారి ఊరు శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర, ఉద్దానం వైపు. పొట్లాలు కట్టడం సగం ఆవిడ దగ్గర నేర్చుకున్నాను, సగం తప్పులు చేసి నేర్చుకున్నాను. ఆ తప్పులు కూడా ఇక్కడ రాస్తున్నాను, మీకు కొన్ని నెలలు కలిసొస్తాయి.

పొట్లం ఎంతవరకు పనిచేస్తుంది

కంపెనీలకి ఈ కిటుకు ఎప్పుడో తెలుసు. 2007లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 3 నుంచి 5 ఏళ్ల పిల్లలు 63 మందికి ఒకే తిండిని రెండు కాగితాల్లో పెట్టి ఇచ్చారు. ఒకటి మామూలు కాగితం, ఇంకోటి మెక్‌డొనాల్డ్స్ కాగితం. ఆఖరికి క్యారెట్ ముక్కలూ పాలూ కూడా ఆ కంపెనీ గుర్తుంటేనే బాగున్నాయన్న పిల్లలే ఎక్కువ. ఇలాంటివి చూశాకే కాబోలు, చిలీ దేశం 2016 నుంచి చక్కెర, ఉప్పు, కొవ్వు మితిమీరిన ప్యాకెట్ల మీద పిల్లల్ని ఆకర్షించే బొమ్మలు వేయకూడదని చట్టం అమలు చేసింది.

అయితే మరీ పొంగిపోనక్కర్లేదు. 2010లో 4 నుంచి 6 ఏళ్ల పిల్లలు 40 మందితో చేసిన ఇంకో పరిశోధనలో బిస్కెట్ల మీద కార్టూన్ బొమ్మ బాగా పనిచేసింది, క్యారెట్ల దగ్గరికి వచ్చేసరికి దాని బలం తగ్గిపోయింది. యాపిల్ మీద బొమ్మ స్టికర్ అంటిస్తే పిల్లలు ఎగబడ్డారని 2012లో ఒక పరిశోధన పత్రం వచ్చింది. పిల్లల పెంపకం కబుర్లలో అది ఇప్పటికీ తిరుగుతూనే ఉంటుంది. అందులో పిల్లల వయసే తప్పుగా రాశారని తేలి 2017లో దాన్ని వెనక్కి తీసుకున్నారన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు.

కాబట్టి నా లెక్క ఇది: మొదటి ముద్ద వరకు పొట్లం పూచీ, రెండో ముద్ద నుంచి వంట పూచీ. ఉప్పూకారం సరిగా లేని కూరని బంగారు రేకులో చుట్టినా తిరిగే వస్తుంది.

మొదటి మెట్టు: ఒక వారం డబ్బాని గమనించండి

ఏమీ మార్చకండి. సాయంత్రం డబ్బా తెరిచి ఏది మిగిలింది, ఎలా మిగిలింది అన్నది ఒక కాగితం మీద రాసుకోండి. ముట్టుకోనిది వేరు, ఒక కొరుకు కొరికి వదిలేసింది వేరు. ముట్టుకోలేదంటే చూపులో లోపం ఉన్నట్టు, పొట్లం దాన్ని సరిచేయగలదు. కొరికి వదిలేశాడంటే రుచిలోనో మెత్తదనంలోనో లోపం, దానికి పొట్లం ఏమీ చేయలేదు.

ఈ వారంలోనే మూత పరీక్ష పెట్టండి. నేను దాదాపు ఒక టర్మ్ అంతా వాడు కూరగాయలు తినడని టెన్షన్ పడ్డాను. ఓ ఆదివారం డబ్బా వాడి చేతికిచ్చి తీయమన్నాను. రెండు వైపులా క్లిప్పులు, లోపల రబ్బరు రింగు. వాడు డబ్బాని పొట్టకి ఆనించుకుని, పెదవి కొరుక్కుంటూ, రెండు బొటనవేళ్లతో నొక్కాడు. ఒక క్లిప్పు లేచింది. రెండోది లేపేలోపు మొదటిది మళ్లీ పడిపోయింది. నాలుగుసార్లు అదే తంతు. "బళ్లో ఏం చేస్తావురా మరి?" అంటే, "టీచర్‌ని అడగాలి, సిగ్గమ్మా" అన్నాడు. వంద రూపాయలు పెట్టి మామూలు మూత డబ్బా కొంటే సగం సమస్య అక్కడే తీరింది.

అదే పరీక్ష పొట్లానికీ పెట్టాలి. బళ్లో చేతులు కడుక్కోవడం, కబుర్లు పోగా తినడానికి మిగిలేది తక్కువ సమయం. పొట్లం ఏదైనా మీ పిల్లల చేత ఇంట్లో ఒకసారి విప్పించి చూడండి. పది అంకెలు లెక్కపెట్టేలోగా విడివడకపోతే ఆ ముడి పనికిరాదు.

రెండో మెట్టు: దేనితో కట్టాలి, దేనితో కట్టకూడదు

ముందు కూడనివి. న్యూస్‌పేపర్ వద్దే వద్దు. మనం బజ్జీలు పెట్టుకుని తిన్నవాళ్లమే కానీ, అచ్చు సిరాలోని రసాయనాలు నూనెతో, వేడితో తిండిలోకి దిగుతాయి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) 2018 నాటి ప్యాకేజింగ్ నిబంధనల్లోనే న్యూస్‌పేపర్లో తినేవి చుట్టకూడదని రాసింది. స్టేప్లర్ పిన్నులు, టూత్‌పిక్కులు, గుండుసూదులు వద్దు. రబ్బరు బ్యాండ్లు చిన్నపిల్లల నోట్లోకి పోతాయి. మెరుపుల పొడి, జిగురు బొమ్మలు తిండిని తాకే వైపు ఎప్పుడూ ఉండకూడదు. స్కెచ్ పెన్ను గీతలైనా బయటి కాగితం మీదే గీయాలి, లోపల ఇంకో పొర ఉండాలి.

ఇక వాడదగ్గవి. బేకరీ సామాన్ల కొట్లో బటర్ పేపర్ దొరుకుతుంది. నూనె పీల్చదు, తడికి చినగదు. దాని మీద ఖాకీ కాగితం పొర వేస్తే బొమ్మ గీసుకోవచ్చు. పాత కాటన్ చీర ముక్కలు ఉతికి ఇస్త్రీ చేస్తే చపాతీ చుట్టలకి బాగుంటాయి.

కానీ నన్నడిగితే ఆకుని మించింది లేదు. మనకి కొదవా! అరటాకు ఉంది, పనసాకు ఉంది, ఏజెన్సీ సంతల నుంచి వచ్చే అడ్డాకు విస్తళ్లున్నాయి. ఆకు పొట్లం విప్పేటప్పుడు వచ్చే వాసనని ఏ కంపెనీ ప్యాకెట్టూ ఇవ్వలేదు, మన పిల్లలకి అదే కొత్త.

అరటాకుని పచ్చిది పచ్చిగా మడిస్తే ఈనెల వెంట చీలిపోతుంది. స్టవ్ సిమ్‌లో పెట్టి, ఆకు వెనక వైపుని మంట మీదుగా మెల్లగా ఒకసారి లాగండి. మీ కళ్లముందే లేత పచ్చ కాస్తా ముదురు పచ్చగా మారి, నూనె రాసినట్టు నిగనిగలాడుతుంది. ఆ మెరుపు ఆకంతా పాకాక తీసేయండి, ఇంకాసేపు ఉంచితే మాడుతుంది. ఇలా వాడ్చిన ఆకు గుడ్డలా ఎటు మడిస్తే అటు మడుగుతుంది. మధ్య ఈనె కోసేసి, జానెడు ముక్కలు రెండు తీసుకుని ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా పరవండి. ఒకటి చీలినా రెండోది కాపాడుతుంది. కట్టడానికి ఎండిన అరటి నారని కాసేపు నీళ్లలో నానబెడితే దారంలా లొంగుతుంది. ముడి వేయకండి, షూ లేసులా ఒక జారుముడి చాలు. పిల్లలు ఒక కొస పట్టి లాగితే పొట్లం మొత్తం విచ్చుకోవాలి. చిప్స్ ప్యాకెట్ 'టప్'కి మన జవాబు అదే.

మూడో మెట్టు: పనసాకు బుట్ట

గోదావరి జిల్లాల్లో వీటిలో వండే ఇడ్లీలని పొట్టిక్కలంటారు. మా అత్తయ్య పనసాకు బుట్టలంటుంది. నాకు ఇవి కుట్టడం రావడానికి రెండు సెలవులు పట్టింది. రాస్తే ఇంతే, చేతికి అలవాటు కావాలి.

బుట్టకి నాలుగు ఆకులు కావాలి. మరీ లేతవైతే చినుగుతాయి, మరీ ముదురువైతే మడతలో విరుగుతాయి. కడిగి తుడిచి తొడిమలు తుంచండి. కొబ్బరి ఈనెలని వేలెడు ముక్కలు చేసి పెట్టుకోండి. రెండాకుల కొసలు ఒకదాని మీద ఒకటి వచ్చేలా ఎదురెదురుగా పెట్టి, ఈనెతో లోపలికీ బయటికీ ఒక కుట్టు వేయండి. మిగతా రెండాకులూ అలాగే కుట్టి, మొదటి జత మీద అడ్డంగా పెట్టండి. ప్లస్ గుర్తు వస్తుంది. ఇప్పుడు నాలుగు రెక్కలూ పైకి లేపి, పక్కపక్క ఆకుల అంచులు కాస్త ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా పట్టుకుని నాలుగు మూలలా ఈనెలు గుచ్చితే బుట్ట తయారు. అడుగున సందు కనిపిస్తే చిన్న ఆకు ముక్క పరవండి.

ఇడ్లీ పిండి ఒక గిన్నెడుకి పావు గిన్నె చోడి (రాగి) పిండి కలపండి, పల్చన కాకుండా చూసుకోండి. క్యారెట్ కోరు, కొత్తిమీర మీ ఇష్టం. మూడొంతులు నింపి ఇరవై నిమిషాలు ఆవిరి మీద పెడితే పనసాకు వాసన ఇడ్లీకి పట్టేస్తుంది. చోళ్ల గురించి మన వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు, అంబలి తాగి పెరిగినవాళ్లం. అయినా లెక్క కావాలంటే, 100 గ్రాముల చోళ్లలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అదే బరువు ఆవుపాలలో ఉండేదానికి దాదాపు మూడింతలు.

ఒక్క జాగ్రత్త. బుట్టకి ఆరు ఈనెలు: అడుగున రెండు, మూలల్లో నాలుగు. ఉడికాక ఆకులు ఆకారానికి అలవాటు పడిపోతాయి, ఈనెలు తీసినా బుట్ట విడిపోదు. చల్లారాక ఆరూ లాగి, గట్టు మీద వరసగా పెట్టి, లెక్కపెట్టి, చుట్టూ అరటి నార కట్టి అప్పుడు డబ్బాలో పెడతాను. ఐదే కనిపిస్తే ఆ బుట్ట బడికి వెళ్లదు, నేనే తింటాను.

నాలుగో మెట్టు: రైలు డబ్బా

ఇది మా ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ కాలం నడిచిన ఆట. సెలవులకి నానమ్మ ఊరు వెళ్లే దారినే డబ్బాగా మార్చేశాం. నాలుగు గదుల డబ్బాలో ఒక్కో గది ఒక్కో స్టేషన్. పసుపు కాగితం మీద నల్ల అక్షరాలతో అగ్గిపెట్టెంత బోర్డులు రాసి, బటర్ పేపర్ పొట్లం మీద అతికిస్తాను. రైల్వే బోర్డులాగే ఉండాలని పెద్దాడి షరతు, అందుకని హిందీ, ఇంగ్లిష్ పేర్లు వాడే రాస్తాడు.

నెల్లిమర్ల అంటే గోంగూర. అక్కడ జనపనార మిల్లు ఉంది కదా, నార తీసే గోగు మొక్క ఆకే మనం పప్పులో వేసుకునేది. గోంగూర పప్పన్నం చిన్న ముద్దలు చేసి పెడతాను. చీపురుపల్లి అంటే చీపురుపుల్లల్లా పొడుగ్గా తరిగి వేయించిన బీన్స్. పొందూరు ఖద్దరు తెలుపు కాబట్టి ఇడ్లీ, లేదా పెరుగన్నం. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగితే అరసవల్లి సూర్యుడు, అంటే గుండ్రంగా పచ్చగా ఉండేదేదైనా సరే: సగానికి కోసిన ఉడకబెట్టిన గుడ్డు, గుమ్మడి ముక్క, క్యారెట్ చక్రాలు. నౌపడలో ఉప్పు మళ్లున్నాయి, అందుకని ఉప్పు చల్లిన జామ ముక్కలు, కీరా. పలాసకి జీడిపప్పు సంగతి వేరే చెప్పాలా? ఆఖరున సోంపేట వస్తే నానమ్మ వచ్చేసినట్టే: కొబ్బరి ముక్క, చిన్న బెల్లం ముక్క.

మీ దారి వేరే కావచ్చు. రాజాం నుంచి పాలకొండ బస్సు కావచ్చు, కొత్తవలస వైపు రైలు కావచ్చు. పిల్లలు తమ కళ్లతో కిటికీలోంచి చూసిన దారి అయితే చాలు. టీవీ బొమ్మలకంటే ఇదే ఎక్కువ రోజులు నిలిచింది మాకు. కారణం ఒకటుంది. టీవీ బొమ్మకీ బీన్స్‌కీ సంబంధం లేదు, చీపురుపల్లికీ బీన్స్‌కీ ఉంది. కనీసం మా వాడి లెక్కలో ఉంది.

అట్ట ముక్కతో పాతకాలపు టికెట్ ఒకటి కోసి, నాలుగు స్టేషన్ల పేర్లు రాసి ఇస్తాను. తిన్న స్టేషన్ మీద వాడు పెన్సిల్‌తో టిక్ పెట్టుకుంటాడు, సాయంత్రం చెల్లెలు టీసీలా పంచింగ్ మెషిన్‌తో కన్నం పొడుస్తుంది. తినకపోయినా ఫైన్ లేదు. రోజుకి ఒక స్టేషన్‌లో ఆగకుండా పోవచ్చు, ఎక్స్‌ప్రెస్ అన్నమాట. కానీ బోర్డు విప్పి లోపల ఏముందో చూసి, వాసన పీల్చి మరీ పోవాలి. ఇది తేలిగ్గా తీసుకోకండి. కొత్త రుచి పిల్లలకి అలవాటు కావాలంటే ఎనిమిది నుంచి పదిహేను సార్లు దాన్ని రుచి చూడాల్సి వస్తుందంటారు పోషకాహార నిపుణులు. మనం మూడోసారికే "వీడికి బీన్స్ పడదు" అని తీర్పు ఇచ్చేస్తాం. మా ఇంట్లో చీపురుపల్లిలో రైలు ఆగడానికి నెలన్నర పట్టింది.

ఒకటి మాత్రం కుదర్లేదు. శ్రీకూర్మం పేరు చెప్పి చిలగడదుంప కట్లెట్‌కి కాళ్లూ తలా పెట్టి తాబేలు చేశాను. బ్రహ్మాండంగా వచ్చిందని మురిసిపోతుంటే, అత్తయ్య చూసి "ఇదేటే కోడలా, కూర్మనాథుడ్ని కొరుక్కు తింటారేటి పిల్లలు?" అంది. నిజమే కదా అనిపించింది. అప్పట్నుంచి తాబేలు మూత మీది బొమ్మకే పరిమితం. మన సముద్ర తీరానికి వచ్చి గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్ల కథ చెప్పుకుంటూ గీస్తాం. తేలినీలాపురానికి వలస వచ్చే గూడబాతులకి (పెలికాన్లకి) ఆ చిక్కు లేదు. బటర్ పేపర్‌ని కోనులా చుట్టి, ఒక పక్క పొడుగ్గా వదిలి మడిస్తే ముక్కు కింద సంచి ఉన్న పక్షే. ఆ సంచిలో ఉడికించిన సెనగలు వేస్తే చిన్నది పక్షి నోట్లోంచి దొంగిలించి తింటున్నాననుకుంటుంది.

ఐదో మెట్టు: పొడుపు కథ చీటీ

బొమ్మ గీయడం రాని తల్లిదండ్రులకి ఇది వరం. పొట్లం మీద ఒక పొడుపు కథ రాయండి, జవాబు లోపలుంటుంది. "గది నిండా రత్నాలు, గదికి తాళం" అని పాతది ఉండనే ఉంది, దానిమ్మకి. మిగతావి మేమే అల్లుకున్నాం. గుడ్డుకి: "తలుపు లేదు, కిటికీ లేదు, లోపల బంగారం ముద్ద ఉంది." ఉడకబెట్టిన వేరుసెనక్కాయలకి: "ఒకే ఇంట్లో అన్నదమ్ములు, ఇద్దరికీ ఒకే రంగు చొక్కా." చోడి పిండి ఉండలకి: "రంగు మట్టిది, తీపి బెల్లానిది."

ఇందులో నేను ఊహించనిది ఒకటి జరిగింది. వీడు ఒక్కడే విప్పడం మానేశాడు. పక్కనున్న ముగ్గురు కలిసి జవాబు చెప్పాక విప్పడం మొదలుపెట్టారు. జవాబు చెప్పినవాడు ఒక ముక్క అడుగుతాడు. వాడు తింటుంటే మనవాడు ఊరుకుంటాడా? అందుకే పొడుపు కథ రోజున నాలుగు ముక్కలు ఎక్కువ పెట్టండి. ఎవరికైనా వేరుసెనగలు పడవేమో మాత్రం ముందే టీచర్‌ని అడిగి తెలుసుకోండి.

చదవడం రాని చిన్నదానికి పొట్లానికి వేలు పట్టేంత చిన్న 'కిటికీ' కోస్తాను. కొంచెం రంగు కనబడుతుంది, మిగతాది ఊహించుకోవాలి.

ఆరో మెట్టు: పొట్లం అబద్ధం ఆడకూడదు

నా పెద్ద తప్పు ఇక్కడే. ఒకసారి పుట్టినరోజుకి వచ్చిన చాక్లెట్ల రేకులు దాచి, కడిగి, వాటిలో ఉడికించిన క్యారెట్ ముక్కలు చుట్టాను. ఎంత తెలివైనదాన్నో అనుకున్నాను. సాయంత్రం వాడు బడి నుంచి రాగానే మాట్లాడలేదు. రేకు విప్పేటప్పుడు స్నేహితులందరూ చుట్టూ చేరారట, చాక్లెట్ పంచుతాడని. బయటపడింది క్యారెట్. అందరూ నవ్వారు. ఆ తర్వాత మూడు వారాలు నేను ఏ పొట్లం పెట్టినా వాడు విప్పలేదు, రైలు బోర్డున్నా సరే. క్యారెట్ అయితే అరసంవత్సరం ముట్టలేదు.

అందుకని మా ఇంటి నియమం: ఆశ్చర్యం ఉండొచ్చు, మోసం ఉండకూడదు. పొడుపు కథకి జవాబు లోపల ఉన్నదే కావాలి. పాలకూరని చపాతీ పిండిలో కలిపితే 'పచ్చ చపాతీ, పాలకూరది' అనే చెబుతాను. ఏ కూరగాయ తిన్నాడో తెలిస్తేనే కదా, అది తన ఇష్టాల లెక్కలోకి ఎక్కేది.

దీనికి తోబుట్టువు ఇంకో తప్పు: లంచం. "బీన్స్ తింటే చాక్లెట్" అన్నామంటే, బీన్స్ అంటే ఏదో శిక్ష అని మనమే చెప్పినట్టు. పిల్లలకి ఒక కొత్త పానీయం తాగితే బహుమతి ఇస్తామని చెప్పి చూసిన 1984 నాటి పరిశోధనలో, ఆ తర్వాత పిల్లలకి ఆ పానీయం మీద ఇష్టం తగ్గింది కానీ పెరగలేదు. పొట్లంలో బొమ్మలు, స్టికర్లు బహుమతిగా పెట్టకపోవడానికి నా కారణం ఇదే. విప్పడమే ఆట, టికెట్ కన్నమే సరదా.

ఏడో మెట్టు: లోపల ఏం పెట్టాలి, ఎంత సేపు నిలుస్తుంది

ఇది క్లుప్తంగా. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పళ్లు ఉండాలంటుంది. నాలుగు గదుల డబ్బాలో రెండు స్టేషన్లు వాటివే అయితే ఆ లెక్క దాదాపు సరిపోతుంది.

వేడి మీద మూత పెట్టకండి. ఆవిరి నీరై పొట్లం తడుస్తుంది, తిండి పాడవుతుంది. మార్చి దాటాక కొబ్బరి చట్నీ, పాలతో చేసినవి మధ్యాహ్నం దాకా ఆగవు. వాటి బదులు నువ్వుల పొడి, పప్పుల పొడి. వండిన దగ్గర్నుంచి తినే వేళకి నాలుగు గంటలు మించకుండా చూసుకోండి. జామ, యాపిల్ ముక్కలకి నిమ్మరసం రాస్తే నల్లబడవు. అరటిపండు కోయకండి, దేవుడిచ్చిన పొట్లం దానికి ముందే ఉంది. తొక్క మీద మొద్దుబారిన పుల్లతో, తొక్క తెగకుండా ఉత్తరం రాస్తే మొదట ఏమీ కనబడదు. బడి టైముకి అక్షరాలు నల్లగా తేలతాయి. ఇది మా చిన్నదానికి ఇంద్రజాలం.

నాలుగేళ్లలోపు పిల్లలకి గింజలు గింజల్లా పెట్టకూడదు, గొంతులో అడ్డుపడతాయి. వేరుసెనగలు, జీడిపప్పు పొడి కొట్టాలి, సెనగలు మెదపాలి, ద్రాక్షపళ్లు నిలువునా నాలుగు చీలికలు చేయాలి.

ఇంతా చేయడానికి టైమెక్కడిది అంటారేమో. పొద్దుట ఆరింటికి బొమ్మలు గీస్తే పిచ్చెక్కుతుంది, నేను గీయను. ఆదివారం సాయంత్రం అరగంట కూర్చుని వారానికి సరిపడా బోర్డులు, చీటీలు, కోసిన బటర్ పేపర్ ముక్కలు ఒక కవర్లో వేసి పెట్టుకుంటాను. పొద్దుట చుట్టడమే. అదీ వారానికి మూడు రోజులే. మిగతా రోజులు మామూలు డబ్బా. రోజూ పండగైతే పండగెలా అవుతుంది?

ఎనిమిదో మెట్టు: మెల్లగా చేయి తీసేయడం

పొట్లం అలవాటైపోయి, అది లేకపోతే తినననే స్థితి రాకూడదు. ఒక వస్తువు వరసగా నాలుగైదుసార్లు ఖాళీ అయిందంటే దాని పొట్లం తీసేసి, బోర్డు మాత్రం ఉంచండి. ఇంకో రెండు వారాలకి బోర్డూ తీసేయండి. ఆ ఆర్భాటమంతా కొత్తగా వచ్చే కూరగాయకి బదిలీ చేయండి. మాకిప్పుడు బీన్స్‌కి ఏ వేషమూ అక్కర్లేదు. కాకరకాయ మాత్రం ఇంకా ఏ స్టేషన్‌లోనూ దిగలేదు, నేనూ పట్టుబట్టడం లేదు.

రెండోది, కట్టే పని పిల్లలకే అప్పగించడం. ఇది ఇంకా ముందే చేయాల్సిందని ఇప్పుడు అనిపిస్తుంది. తినిపించడం కోసం మనం కడితే వాళ్లు ఎటు తప్పించుకోవాలా అని చూస్తారు. ఇంకొకరి కోసం వాళ్లు కడితే ధోరణే మారిపోతుంది. కిందటి ఎండాకాలం సోంపేట వెళ్లినప్పుడు, తాతయ్యకి షుగరు, నాలుగింటికి ఏదో ఒకటి కొరకాలంటాడు, ఆ పొట్లం మీరే కట్టండని పిల్లలకి చెప్పాం. పెద్దాడు పొడుపు కథ రాస్తాడు, చిన్నది నార చుడుతుంది. ఆకు వాడ్చడం మాత్రం నానమ్మ పని, మంట దగ్గరికి రానివ్వదు. జామకాయ ఎనిమిది ముక్కలు కోసి పళ్లెంలో ఇస్తే, పొట్లం తాతయ్య చేతికి చేరేసరికి మూడో నాలుగో మిగులుతాయి. "తక్కువున్నాయేట్రా గుంటడా?" అంటాడాయన. వాడు నోరు తుడుచుకుంటూ, ముందు పొడుపు కథ విప్పు తాతా అంటాడు. ఆయన రోజూ కావాలనే రెండు తప్పు జవాబులు చెబుతాడు.